అమ్మకి చలెయ్యదా?

మా కాకినాడలో చలికాలమంటే రాత్రిపూట ఫ్యాను ఒక నెంబరు తగ్గించడమే. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వెయ్యడానికి వెళ్తూ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటే అదే మాకు పెద్ద చలి. ఇంట్లో ఉన్న రెండు స్వెట్టర్లూ పెళ్లిలో ఎవరో ఇచ్చినవి. ఇరవై ఏళ్లుగా బీరువా అడుగున కలరా ఉండలతో కాపురం చేస్తున్నాయి. అటువంటి ఇంటివాళ్లం పోయిన డిసెంబరులో లంబసింగి వెళ్లి టెంటులో పడుకుందామని బయల్దేరాం.

ఆలోచన మా మరిదిది. పిల్లలు ఎగిరి గంతేశారు. మా అత్తగారు కూడా, "నేనూ వస్తానే, మంచు ఎలా వుంటుందో చూడలేదు" అన్నారు. మావారు ఫోనులోనే రెండు టెంట్లు మాట్లాడేశారు. ఇంక నేనేం చేశానంటారా? పులిహోర, చేగోడీలు, అత్తగారి షుగరు మాత్రలు, చిన్నాడి దగ్గుమందు, అందరి స్వెట్టర్లు, మంకీ క్యాపులు సర్దాను. నా స్వెట్టరు మాత్రం మర్చిపోయాను. ఇల్లు తాళం వేస్తుంటే గుర్తొచ్చింది గానీ, "మళ్లీ తలుపు తియ్యడం దేనికిలే, శాలువా వుందిగా" అనుకున్నాను. ఈ వ్యాసానికి అసలు మొదలు అక్కడే.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉంది. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. నర్సీపట్నం దాటి ఘాటు రోడ్డు ఎక్కుతుంటేనే గాలి మారిపోతుంది. దీనికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతారని ఆ పేరుకి అర్థం చెబుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగడం అక్కడ మామూలే. ఇవన్నీ నేను తిరిగొచ్చాక తీరిగ్గా తెలుసుకున్న సంగతులు. వెళ్లేముందు తెలిసిందల్లా ఒక్కటే, మంచులో ఫొటోలు బాగా వస్తాయని!

సాయంత్రం దాకా బాగానే ఉంది. చీకటి పడేసరికి నీళ్ల ఒడ్డున వేసిన మా టెంట్ల చుట్టూ మంచు దిగింది. టెంటుకి మూడు చొప్పున రగ్గులిచ్చారు. ఒక టెంటులో మావారూ, మా మరిదీ. రెండో దాంట్లో మా అత్తగారు, పన్నెండేళ్ల మా అమ్మాయి, ఎనిమిదేళ్ల చిన్నాడు, నేను. లెక్క చూశారా? అక్కడ ఇద్దరికి మూడు రగ్గులు, ఇక్కడ నలుగురికి మూడు. ఆ రాత్రి ఈ లెక్క ఎవరికీ తట్టలేదు. మావారికి తట్టలేదని నేను నిందించను, నాకే తట్టలేదు. అత్తగారికొకటి, పిల్లలకొకటొకటి కప్పేసి, "మరి నువ్వో?" అని ఆవిడ అడిగితే, "నాకు చలెయ్యదులెండి అత్తయ్యా" అన్నాను. ఈ మాట నన్నెవరూ అనమని చెప్పలేదు. దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

శాలువా చుట్టుకుని జిప్పు పక్కన, అంటే టెంటు గుమ్మం దగ్గర పడుకున్నాను. కాసేపటికి తెలిసింది, చలి పైనుంచి రావడం లేదు, కిందనుంచి వస్తోంది. పల్చటి ప్లాస్టిక్ గుడ్డ కింద నేల ఐసుగడ్డలా ఉంది. పక్కకి తిరిగితే తుంటి, వెల్లకిలా పడుకుంటే నడుము. పైగా మధ్యాహ్నం నుంచీ నేను మంచినీళ్లు తాగలేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. పాయిఖానా చాలా దూరం, దారిలో లైటు లేదు, తలుపుకి గడియ లేదు. మగవాళ్లకి అది సమస్యే కాదు కదా.

పదకొండింటికి మా మరిది వచ్చి, "వదినా, పిల్లలకి చలిగా ఉంటుంది" అంటూ ఒక ఇనప మూకుడు నిండా ఎర్రగా రాజుకున్న బొగ్గులు తెచ్చాడు. టెంట్ల వాళ్ల దగ్గర డబ్బులిచ్చి తెచ్చాడట. ఎంత ప్రేమగా తెచ్చాడో! మా అత్తగారైతే, "మా కాలంలో బాలింత గదిలో కుంపటి పెట్టేవారు కాదుటే, ఏం ఫర్వాలేదు, పొగ లేదుగా" అన్నారు. నేనూ సరేనన్నాను. జిప్పు పైదాకా లాగేశాం. టెంటంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనానికి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

రెండున్నరకి అనుకుంటాను, మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. ఘాటు రోడ్డు తిప్పటలే అనుకున్నాను. అంతలో మా అమ్మాయి లేచి కూచుని, "అమ్మా, తలనొప్పి" అంటూనే వాంతి చేసుకుంది. అత్తగారిని పిలిస్తే మూలిగారు గానీ లేవలేదు. చిన్నాడిని కుదిపితే కళ్లు తెరిచి మళ్లీ మూసేశాడు. నాకు కాళ్లు వణికాయి. ఏం జరుగుతోందో తెలీకపోయినా గాలి కావాలనిపించి జిప్పు లాగేశాను. పిల్లల్ని బయటికి ఈడ్చాను. కేక వేస్తే మావారు, మరిది పరిగెత్తుకొచ్చి అత్తగారిని మోసుకొచ్చారు. ఆ మంచులో, గడ్డిమీద, అరగంట కూచుంటే గానీ ఆవిడ సరిగ్గా మాట్లాడలేదు.

తెల్లవారగానే ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు ముందు మమ్మల్ని బాగా చీవాట్లు పెట్టారు. "తెల్లారేదాకా ఆగడమేమిటి? బయటికి తీసుకొచ్చిన వెంటనే 108కి ఫోను చెయ్యాలి" అన్నారు. అందరికీ ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దాకా కనిపెట్టి ఉండి పంపించారు. అప్పుడు ఆయన చెప్పిన సంగతి ప్రతి ఇల్లాలికీ తెలియాలి కనకే ఇది రాస్తున్నాను.

బొగ్గులు ఎర్రగా కాలుతూ పొగ రావడం లేదంటే ప్రమాదం లేదని మనం అనుకుంటాం. తప్పు. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. గాలి ఆడని చోట మరీ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా అంటుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కి చోటుండదు. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, తర్వాత మగత. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి కూడా తెలియకుండానే ప్రాణం పోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకి, కడుపులోని బిడ్డకి ఇంకా ప్రమాదం. ఉత్తరాదిన చలికాలంలో తలుపులు మూసుకుని అంగీఠీ పెట్టుకుని కుటుంబాలకి కుటుంబాలే పోయాయని పేపర్లో చదువుతూనే ఉంటాం. చదివి పేజీ తిప్పేస్తాం.

మరి బాలింత గదుల్లో కుంపటి పెట్టేవారు కదా అంటారా? నేనూ అడిగాను. ఆనాటి పెంకుటిళ్లకి పైన పెంకుల మధ్య సందులు, చూర్ల కింద ఖాళీలు, సరిగ్గా మూతపడని తలుపులు ఉండేవి. గాలి వస్తూ పోతూ ఉండేది. అయినా అప్పుడు మాత్రం ఎవరికీ ఏమీ కాలేదని చెప్పగలమా? తెలియని కారణంతో పోయినవాళ్ల లెక్క ఎవరు రాశారు? ఈనాటి టెంటు గుడ్డ నీళ్లనే లోపలికి రానివ్వదు. అందులో కుంపటి పెట్టి జిప్పు లాగడమంటే సీసాలో కూచుని మూత పెట్టుకోవడమే. బొగ్గులే కాదు, గ్యాసు స్టవ్వయినా, కిరసనాయిలు స్టవ్వయినా టెంటులోపల వెలిగించకూడదు. చలిమంట బయటే వేసుకోవాలి, ఆర్పేసే పడుకోవాలి.

తిరిగొచ్చాక మా అత్తగారు ఇంటికొచ్చిన వాళ్లందరితోటీ, "మా కోడలు చలికి వణుకుతూ మేలుకుని ఉండబట్టి బతికాం" అని చెప్పడం మొదలుపెట్టారు. విన్నవాళ్లు, "తల్లి మనసమ్మా" అనేవారు. మొదట్లో నాకూ గర్వంగానే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. ఆ రాత్రి నేనూ మేలుకుని లేను, నిద్రపోయాను. ముందుగా లేచింది నేను జిప్పు పక్కన పడుకోవడం వల్ల, అక్కడి సందులోంచి కాస్త గాలి తగలడం వల్ల. అందులో నా త్యాగం గొప్పేం లేదు. నిజం చెప్పాలంటే ఆ టెంటులో నాలుగో రగ్గు ఉండి ఉంటే, కింద పరుపు ఉండి ఉంటే, ఆ మూకుడు లోపలికి వచ్చేదే కాదు. "నాకు చలెయ్యదులెండి" అన్న నా మాట వల్ల మేం బతకలేదు. ఆ మాట మమ్మల్ని చావు దగ్గరికి తీసుకెళ్లింది. పక్క టెంటులో ఒక రగ్గు మిగిలి ఉందని, నోరు తెరిచి అడిగితే వచ్చేదని, నేను అడగలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆస్పత్రి నుంచి ఇంటికి తిరిగి వస్తుంటే కారు అద్దంలోంచి చల్లగాలి కొడుతోంది. చిన్నాడు ముడుచుకున్నాడు. మా అమ్మాయి తన మీది శాలువా తీసి వాడికి కప్పి, "నాకు చలెయ్యదులేరా" అంది. రాత్రి వాంతులు చేసుకుని, మొహం తెల్లగా పాలిపోయి ఉన్న పిల్ల! ముందుసీట్లోంచి మావారు, "అచ్చం వాళ్లమ్మే" అని మురిసిపోయారు. నాకు మాత్రం ఎవరో చెంపమీద కొట్టినట్టయింది. పన్నెండేళ్లకే ఆ మాట దానికెక్కడ పట్టుబడింది? నేను నేర్పలేదు. నేర్పకుండానే నేర్చుకుంది, రోజూ నన్ను చూసి.

అందుకే సంక్రాంతి వెళ్లాక, "మళ్లీ లంబసింగి వెళ్దాం" అన్నది నేనే. మావారు నాకు మతిపోయిందేమో అన్నట్టు చూశారు. భయపడి మానుకుంటే పిల్లలకి చలంటే భయం మిగులుతుంది గానీ బుద్ధి రాదు. ఈసారి సర్దడం కూడా నేనొక్కదాన్నే చెయ్యలేదు. ఎవరి సంచి వాళ్లు, నాది కూడా.

మొదటిసారి వెళ్లినప్పుడు టీ కొట్టు నడిపే ఒక గిరిజన అమ్మ నాతో, "చలి కిందనుంచి ఒస్తాదమ్మా, కింద గడ్డి ఎయ్యాల" అంది. ఏటా అదే చలిలో పిల్లల్ని పెంచుకునే మనిషి మాట అది. మేం లెక్కలేసుకుంది మీద కప్పుకునేవే, కింద పరుచుకునేవి ఎవరం ఆలోచించలేదు. మన ఒంటి బరువుకి కింది బట్ట నలిగిపోయి అందులో గాలి ఉండదు, ఒంటివేడి నేరుగా నేలలోకి దిగిపోతుంది. రెండోసారి ఆవిడ దగ్గరే రెండు మోపులు వరిగడ్డి కొన్నాం. టెంటు కింద మందంగా గడ్డి, దానిమీద గోనెపట్టాలు, లోపల అట్టముక్కలు, యోగా చాపలు, ఆపైన రగ్గు. గడ్డి వేశాం కాబట్టి చలిమంట దూరంగానే వేశాం. గాలి నింపే పరుపు తెద్దామని మావారన్నారు గానీ, లోపలి గాలి కూడా చల్లబడుతుంది కాబట్టి అదొక్కటీ చాలదు, దానిమీద కూడా మందంగా పరుచుకోవాలి.

టెంటు నీళ్ల ఒడ్డున వద్దని కాస్త మెరకమీద వేయించాం. చల్లగాలి బరువైనది, రాత్రిళ్లు పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. పైన చిన్న కిటికీ రాత్రంతా తెరిచే ఉంచాం. అన్నీ మూసేస్తే మన ఊపిరిలోని చెమ్మే గుడ్డకి పట్టి, తెల్లారేసరికి బొట్లు బొట్లుగా పక్కమీద కారుతుంది. తడిసిన పక్క కంటే చల్లది ఇంకోటి లేదు.

పగలు తిరిగిన బట్టలతో పడుకోకూడదు. చెమట పట్టిన నూలుబట్ట చెమ్మని వదలదు, ఒంటివేడిని లాగేస్తుంది. పడుకునేముందు లోపలి బట్టలతో సహా పొడివి మార్చుకుని, పొడి మేజోళ్లు, పైన ఉన్ని. ఒక్క మందపాటి స్వెట్టరు కంటే రెండు మూడు పల్చటివి ఒకదానిమీదొకటి మేలు, వాటి మధ్య గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. మేజోళ్లు బిగుతుగా ఉంటే మాత్రం రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. మందుల షాపులో దొరికే రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. మా అత్తగారికి షుగరు కాబట్టి పాదాలకి వేడి సరిగ్గా తెలియదు, అందుకని ఆవిడకి గోరువెచ్చగానే ఇచ్చాం. పడుకునేముందు కడుపునిండా వేడి అన్నం, తర్వాత నువ్వుండ, పల్లీ చిక్కీ. లోపల పొయ్యి మండాలంటే కట్టెలుండాలిగా! చలికి మందు పుచ్చుకుంటే మంచిదనే మగవాళ్లకి ఒక మాట. అది చర్మానికి రక్తం పరిగెత్తించి వెచ్చగా అనిపిస్తుందే గానీ, ఆ వేడంతా బయటికి పోయి ఒళ్లు మరింత చల్లబడుతుంది.

ఇక నీళ్ల సంగతి. ఈసారి టెంట్లు మాట్లాడేముందు ఫోనులో నేనే అడిగాను. పాయిఖానా ఎంత దూరం, దారిలో లైటుందా, తలుపుకి గడియ ఉందా, నీళ్లున్నాయా, ఒక్కొక్కరికి ఎన్ని రగ్గులు? అవతలివాడు, "ఇవన్నీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. అడగకపోతే ఎందుకు పెడతాడు? మనం నీళ్లు మానేసి సర్దుకుపోతూ ఉంటే వాళ్లకి ఆ ఖర్చు మిగులుతూనే ఉంటుంది. పడుకునేముందు ఆడవాళ్లం ముగ్గురం టార్చి పట్టుకుని కలిసి వెళ్లొచ్చాం. ఆపుకుని పడుకుంటే నిద్రా పట్టదు, ఆరోగ్యమూ పాడే. నెలసరి రోజులైతే ఈ ఏర్పాటు లేనిచోటికి పిల్లని తీసుకెళ్లడమే అన్యాయం.

ఇంత చెప్పాక మా స్నేహితురాలొకావిడ, "రెండు రాత్రుల సరదాకి ఇంత రాద్ధాంతమా? సర్దుకుపోతేనే కదా సంసారం" అంది. నిజమే, సర్దుకోవాలి. కానీ ఆ సర్దుబాటు ఎప్పుడూ ఒక్క మనిషి వాటాలోంచే ఎందుకు జరగాలి? టెంటులో రగ్గు చాలకపోతే అమ్మది, ఇంట్లో కూర చాలకపోతే అమ్మది, కారులో సీటు చాలకపోతే అమ్మది. పైగా ఆడవాళ్లకి చలి తక్కువన్నది ఉత్తమాట. వేడి పుట్టించే కండ మనకి సగటున తక్కువే, చేతులూ పాదాలూ త్వరగా చల్లబడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్నవాళ్లకి, థైరాయిడ్ మందకొడిగా ఉన్నవాళ్లకి చలి ఇంకా ఎక్కువ. అంటే ఇంట్లో రగ్గు అందరికంటే ఎక్కువ అవసరమైన మనిషే, "నాకక్కర్లేదు" అంటోందన్నమాట.

నేను పిల్లల మీద ప్రేమ తగ్గించుకోమనడం లేదు. నిజంగా ఒక్కటే రగ్గుంటే ఏ తల్లయినా బిడ్డకే కప్పుతుంది, నేనూ కప్పుతాను. కానీ మనం వెళ్లేది యుద్ధానికి కాదు, విహారానికి. అక్కడ రగ్గు చాలకపోవడం విధి కాదు, లెక్క తప్పు. లెక్క తప్పితే సరిచెయ్యాలి గానీ, దాన్ని మన ఒంటితో పూడ్చకూడదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆరుగురికి ఎనిమిది రగ్గులు తీసుకెళ్లాం. లెక్కపెట్టింది మా చిన్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక వాడు లేచి టార్చి వేసి ఒక్కొక్కరినీ చూసి, "అమ్మా, నీకు చలేస్తోందా?" అన్నాడు.

నోటిదాకా వచ్చింది పాతమాట. పక్కన మా అమ్మాయి వింటోంది.

"అవున్రా, కాళ్లకి వేస్తోంది. ఆ ఇంకో రగ్గు ఇలా ఇయ్యి" అన్నాను.

ఇచ్చాడు. అంతే. ఆకాశమేం విరిగిపడలేదు. తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాను. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా అడిగితే మీరూ నిజం చెప్పి చూడండి.